గరిక గారికి కెనడా దుప్పటి

విజయనగరం, శ్రీకాకుళం శివార్లలో లేచిన కొత్త డూప్లెక్సుల ముందు ఒక మహత్కార్యం జరుగుతోంది. గరిక మొలిపిస్తున్నారు. నవ్వకండి. ప్యాకెట్ మీద బెర్ముడా గ్రాస్ అని రాసుంటుంది గానీ, చవితినాడు ‘దూర్వాయుగ్మం పూజయామి’ అని వినాయకుడికి వేసేదీ, చోడి చేలో రైతు కూలిచ్చి పీకించేదీ అదే. చేలో ఉంటే కలుపు, గేటు లోపలుంటే లాన్. హోదా అంత పెరిగాక మన మట్టి ఆనుతుందా? అందుకే పీట్ మాస్.

చల్లని దేశాల బురదనేలల్లో స్ఫాగ్నం అనే నాచు వేల ఏళ్లు కుళ్లీ కుళ్లక పేరుకుంటే అయ్యే సరుకు అది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. కెనడా నుంచో బాల్టిక్ తీరం నుంచో ఓడెక్కి వస్తుంది. విత్తనం మీద పరవాల్సింది 6 మిల్లీమీటర్లు, అంటే అక్కడి ఆరేళ్ల కష్టం. మనవాళ్లు ప్రేమ కొద్దీ అంగుళం పరుస్తారు. గరిక గింజ నువ్వుగింజ కంటే చిన్నది. అంగుళం కింద నుంచి లేచే సత్తువ దానికెక్కడిది? తంటాలు పడి మొలిచినా, వేరు మట్టిని అందుకునేలోగా పైపొర ఎండిపోతుంది.

ఇంకొందరు బస్తా కోసి పొడిపొడిగా చల్లి పైపు పడతారు. ఎండిన పీట్ మీద నీళ్లు చేమాకు మీద బొట్లే. ముందురోజే గోరువెచ్చటి నీళ్లు కాసిన్ని కాసిన్ని పోస్తూ కలపాలి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలితే చాలు.

దాని సుగుణం కూడా ఒప్పుకోవాలి. మన ఎర్రనేల తడిసి ఎండితే పెచ్చు కడుతుంది, మొలక దాన్ని చీల్చలేదు. పల్చటి పీట్ పొర ఆ తడి ఆరిపోకుండా నిలుపుతుంది. పైగా ముదురు కాఫీ రంగు లేతబడిందంటే నీళ్లకు వేళయిందని అదే చెబుతుంది.

సరే, సెంటు జాగాకి లెక్క: పైన రెండంగుళాలు గుల్ల చేసి మాగిన గెత్తం, అంటే పశువుల ఎరువు, కలపండి (పచ్చిదైతే లాన్‌కి ముందు కలుపు మొలుస్తుంది). 200 నుంచి 400 గ్రాముల విత్తనంలో నాలుగింతల ఇసుక కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లి రోలర్‌తో అణచండి. పై పొరకి 240 లీటర్ల పీట్ కావాలి.

ఇక్కడొక అప్రతిష్ఠాకరమైన మాట. మన ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు కొబ్బరి పీచు తీసిన చోట మిగిలే పొట్టు కూడా ఇదే పని చేస్తుంది. దిమ్మగా నొక్కి కోకోపీట్ అని అమ్ముతారు. 5 కిలోల దిమ్మ నానితే 70 లీటర్ల దాకా పొంగుతుంది. నాలుగు దిమ్మలు సరి. ఉప్పుంటుంది, రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. అసలు లోపం వేరే: చుట్టాలొచ్చి అడిగితే ఉద్దానం నుంచి అని చెప్పుకోవాలి.

ఏదైనా సరే, వాయుగుండం కబురుంటే చల్లకండి. ఒక్క వానకి దుప్పటీ గింజా కలిసి కాలవలో తేలతాయి. చల్లాక వానొస్తే తడి గోనె కప్పి, మొలక కనబడగానే తీసేయండి. రోజుకి రెండు మూడుసార్లు సన్నజల్లు. ఒకటి రెండు వారాల్లో పచ్చబడుతుంది. అప్పుడు మొక్కలకి గొప్పు తవ్వడానికొచ్చే తాతని మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. ‘‘ఎంత గరిక పట్టీసినాదో బాబూ, పీకీమంటారేటి?’’ అంటూనే చెయ్యి పెట్టేస్తాడు.