నిండితే ఆగాలా? ఎందుకండీ దండగ!

రీఛార్జబుల్ బ్యాటరీ సెల్లులకు వాడే ఛార్జరు తయారీలో ఖర్చంతా ఎక్కడ పోతోందో నిశితంగా పరిశీలించగా ఒక విషయం తేటతెల్లమైంది. కరెంటు పంపడానికి పెద్దగా ఏమీ కాదు, అంతా ఆపడానికే అవుతోంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటరు, ఒక రెసిస్టరు ఉంటే చాలు, కరెంటు సెల్లులోకి దానంతటదే పోతుంది. నిండిందని కనిపెట్టి వేళకు తప్పుకోవడానికి మాత్రం ఐసీలనే చిప్పులు, వేడిని కనిపెట్టే థర్మిస్టర్లు, టైమర్లు, వాటికి ప్రోగ్రాం రాసిపెట్టే మనిషి కావాలట. కాబట్టి చవక ఛార్జరు కావాలనుకునేవారు ముందు చేయవలసింది, ఈ ఆపే బాధ్యతను ఛార్జరు నెత్తి మీద నుంచి దింపేయడం.

అసలు తప్పు సెల్లుది. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు తన కడుపు నిండిన సంగతి ఎలా చెబుతుందో చూడండి. వేగంగా ఛార్జి చేస్తుంటే దాని వోల్టేజీ 1.4 దాటి మెల్లగా ఎక్కుతూ పోతుంది. నిండాక 5 నుంచి 10 మిల్లీవోల్టులు దిగుతుంది. అంటే, మహా అయితే వోల్టులో వందో వంతు! అంత సన్నగా గొణిగితే చెవి రిక్కించి వినాల్సిన ఖర్మ మనకేం పట్టింది? పాత నికెల్ కాడ్మియం సెల్లు ఈ విషయంలో నయం, కాస్త గట్టిగానే చెప్పేది. కాడ్మియం విషపదార్థం అన్న కారణంతో దాన్ని పక్కకు నెట్టేశారు. పోనీ నెమ్మదిగా ఛార్జి చేద్దామంటే, అప్పుడు ఆ గొణుగుడు కూడా నమ్మదగ్గట్టు ఉండదు.

అయినా నెమ్మదే మన సిద్ధాంతం. 2000 మిల్లీయాంపు అవర్ల సెల్లుకు అందులో పదో వంతు, అంటే 200 మిల్లీయాంపులు పంపుదాం. పది గంటల్లో నిండాలని లెక్క చెబుతుంది. పంపిందంతా లోపల నిలవదు, కొంత వేడిగా పోతుంది కాబట్టి 14 నుంచి 16 గంటలు కావాలని సెల్లు చెబుతుంది. ఇద్దరి మధ్య మనకెందుకు? అట్టపెట్టె మీద ‘రాత్రంతా పెట్టండి’ అని అచ్చు వేయిస్తే సరి. టైమరు ఖర్చు మిగిలింది. సగం ఖాళీ అయిన సెల్లును పెట్టి రాత్రంతా వదిలేస్తే దాని గతేమిటని అడిగేవాళ్లను సెల్లు పూర్తిగా ఖాళీ చేసుకుని రమ్మందాం.

ఎల్‌ఎం317 అనే, కరెంటును ఒకే తీరున నిలిపే చిప్పు వాడమని కొందరు చాదస్తులు సలహా ఇస్తారు. అది 1.25 వోల్టులను పట్టుకుని కూర్చుంటుంది. 12 ఓంల రెసిస్టరు తగిలిస్తే దాదాపు 104 మిల్లీయాంపులు, ఇక సెల్లు వోల్టేజీ ఎటు పోయినా కరెంటు కదలదు. బాగానే ఉంది గానీ, తన పోషణకే అది మూడు వోల్టుల దాకా అడుగుతుంది. 5 వోల్టుల యూఎస్‌బీ నుంచి రెండు సెల్లులకు పెట్టబోతే, వడ్డించేవాడే ముందు విస్తరి వేసుకుని కూర్చున్నట్టు. తీసేద్దాం. ఉత్త రెసిస్టరు చాలు. రెండు సెల్లులకు 2.8, కరెంటును వెనక్కి రానివ్వని డయోడుకు 0.7 పోగా రెసిస్టరు మీద 1.5 వోల్టులు మిగులుతాయి. సప్లై 5 నుంచి 5.5కి పెరిగితే ఆ మిగులు 2 అవుతుంది. వోల్టేజీ పెరిగింది పదో వంతు, కరెంటు పెరిగింది మూడో వంతు! ఇంత ఉదారమైన డిజైను ఖరీదైన ఛార్జర్లలో వెతికినా దొరకదు.

డయోడు కూడా పీకేద్దామని మా మిత్రవర్గంలో ఒక ప్రతిపాదన ఉంది. అలా చేస్తే ప్లగ్గు తీసేశాక సెల్లులే వెనక్కి కరెంటు పంపి ఛార్జరు మీది ఎల్‌ఈడీని వెలిగిస్తాయి. కరెంటు లేకపోయినా దీపం ఆరని ఛార్జరు అని ప్రచారం చేసుకోవచ్చన్నది వారి వాదన. కొట్టిపారేయలేం.

ఎల్‌ఈడీ అంటే గుర్తొచ్చింది. నిండాక ఎరుపు పోయి ఆకుపచ్చ రావాలంటే వోల్టేజీలను పోల్చి చూసే కంపారేటరు కావాలి. మొదటి నుంచీ ఆకుపచ్చే వెలిగిస్తే ఆ ఖర్చు లేదు, చూసేవాడి మనసుకు చల్లగా కూడా ఉంటుంది. సెల్లు లోపల ఏం జరిగినా అది వెలుగుతూనే ఉంటుంది. అసలు సెల్లు పెట్టకపోయినా వెలుగుతుంది.

ఇక జంట విధానం. రెండు సెల్లులను వరసగా కలిపితే రెండింటికీ ఒకే కరెంటు, సామ్యవాదం! అందులో ముసలిది ముందే నిండి ఉడుకుతూ ఉంటుంది, కొత్తది ఇంకా తింటూ ఉంటుంది. ఉడికేదాన్ని కనిపెట్టడానికి థర్మిస్టరు కావాలంటారు. వేగంగా ఛార్జి చేసేటప్పుడు నిండే వేళకు వేడి నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున ఎగబాకుతుందట. కొన్నవాడికి చూపుడు వేలు ఉంది కదా! స్ప్రింగు పక్కన సెల్లు ఒంటిని తాకి, వేలు చురుక్కుమని వెనక్కొస్తే నిండినట్టే. వేలికి విడిగా సర్క్యూటు అక్కర్లేదు.

లిథియం సెల్లు జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. దానికి 4.2 వోల్టులు, ఒక శాతం అటూ ఇటూ, అంతే. మన ఉదారత చూపిస్తే అంటుకుంటుంది. పైగా దాని కోసం టీపీ4056 అని వేలిగోరు కన్నా చిన్న చిప్పు ఒకటి వచ్చింది. ముందు స్థిరమైన కరెంటు, ఆ తర్వాత స్థిరమైన వోల్టేజీ ఇచ్చి, కరెంటు పదో వంతుకు పడిపోగానే తనే ఆగిపోతుంది. చుట్టూ నాలుగైదు పార్టులు చాలు. ఆపడమే ఖరీదైన పని అన్న మన సిద్ధాంతానికి ఆ చిప్పు చేసిన ద్రోహం ఇంతా అంతా కాదు. నలుగురిలో దాని పేరు ఎత్తకపోవడం మంచిది.

నిండిన సెల్లులోకి ఇంకా తోస్తూ పోతే లోపల వాయువులు పుట్టి ఒత్తిడి పెరుగుతుందని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. ప్లస్ బొడిపె కింద చిన్న వాల్వు ఉంటుంది. ఒత్తిడి మితిమీరితే అదే తెరుచుకుని వాయువును వదిలేస్తుంది. వదిలిన ప్రతిసారీ లోపలి తడి కొంత పోయి సెల్లు సత్తువ తగ్గేమాట నిజమే. కానీ ఆ వాల్వు సెల్లు చేసినవాళ్లు తమ ఖర్చుతో పెట్టి ఇచ్చింది. మన పార్టుల జాబితాలోకి అది రాదు.