పదిహేడో స్థానమే పై స్థానం

ఏటా ఏప్రిల్, మే వచ్చాయంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో పై స్థానాల కోసం కొట్టుకునే జట్లను చూసి నాకు జాలేస్తుంది. ఆగస్టు నుంచి 38 మ్యాచ్‌లు, మోకాళ్లు అరిగేలా పరిగెత్తడం, చివర్లో గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) లెక్కలు, ఇక్కడ మనవాళ్లకు అర్ధరాత్రి దాకా టెన్షన్. ఇదంతా దేనికండీ? యూరప్‌లోని మేటి క్లబ్‌లు ఆడే ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లడానికే కదా, దానికింత శ్రమ అక్కర్లేదని టాటెన్‌హమ్ (ముద్దుగా స్పర్స్) 2025లో నిరూపించేసింది, అయినా ఎవరూ నేర్చుకోవట్లేదు.

ఆ సీజన్ ఆఖరి రోజు గుర్తు చేసుకోండి. మే 25, మన టైమ్ ప్రకారం రాత్రి ఎనిమిదిన్నర. లివర్‌పూల్ టైటిల్ ఎప్పుడో ఖాయం, ఆర్సెనల్‌కి వరుసగా మూడోసారి అలవాటైన రెండో స్థానం. యూరప్‌లో ఇంగ్లిష్ క్లబ్‌లు బాగా ఆడిన పుణ్యానికి ఆ ఏడాది లీగ్ నుంచి ఛాంపియన్స్ లీగ్‌కి నాలుగు కాదు, ఐదు సీట్లు. మిగిలిన మూడింటికి ఐదు జట్లు: మాంచెస్టర్ సిటీకి 68 పాయింట్లు, న్యూకాజిల్, చెల్సీ, ఆస్టన్ విల్లాలకు తలా 66, నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కి 65.

పాపం విల్లా. మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో డ్రా చేసుకున్నా చాలు, సీటు వచ్చేది. ఫస్టాఫ్ ముగిసేలోపే గోల్‌కీపర్ మార్టినెజ్ రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. పది మందితోనే లాక్కొస్తుంటే 73వ నిమిషంలో మోర్గాన్ రోజర్స్ బంతిని గోల్‌లోకి కొట్టాడు, కానీ అది లైన్ దాటకముందే రిఫరీ విజిల్ ఊదేశాడు! విజిల్ పడ్డాక వీఏఆర్ (వీడియో చూసి తప్పులు దిద్దే రిఫరీ) కూడా ఏమీ చేయలేదట. కోట్లు పోసి కెమెరాలు పెట్టింది ఇలాంటప్పుడు చేతులెత్తేయడానికే కాబోలు. తర్వాత యునైటెడ్ రెండు గోల్స్ కొట్టింది. అక్కడ న్యూకాజిల్ సొంత మైదానంలో ఎవర్టన్ చేతిలో ఓడిపోయి కూడా సంబరాలు చేసుకుంది, ఎందుకంటే పాయింట్లు సమానమైనా గోల్ డిఫరెన్స్‌లో వాళ్లది ప్లస్ 21, విల్లాది ప్లస్ 7.

ఇక మన హీరోల సంగతి. ఇరవై జట్ల లీగ్‌లో మొత్తం 22 మ్యాచ్‌లు ఓడిన స్పర్స్ 17వ స్థానంలో హాయిగా కూర్చుని, మే 21న స్పెయిన్‌లోని బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ ఆడింది. అది ఛాంపియన్స్ లీగ్ కింది మెట్టు కప్పు, కానీ గెలిస్తే పై మెట్టులో సీటు ఖాయం. ఎదుటి జట్టు అప్పటికి 16వ స్థానంలో ఉన్న యునైటెడ్. ఇంత సమ ఉజ్జీల పోరు ఈ మధ్య చూడలేదు. బ్రెనన్ జాన్సన్ గోల్, 1-0, ఛాంపియన్స్ లీగ్ సీటు చేతిలో! మన ఇంజనీరింగ్ అడ్మిషన్ల భాషలో చెప్పాలంటే విల్లా వాళ్లు కన్వీనర్ కోటా కోసం రాత్రింబవళ్లు చదివారు, స్పర్స్ నేరుగా మేనేజ్‌మెంట్ కోటాలో చేరిపోయింది. ఓడిన యునైటెడ్ ఆ కడుపుమంటని నాలుగు రోజుల తర్వాత విల్లా మీద తీర్చుకుంది, అది వేరే విషయం.

స్పర్స్‌కి ఈ జ్ఞానం ఊరికే రాలేదు. 2012లో బుద్ధిగా ఆడి నాలుగో స్థానం తెచ్చుకుంటే, ఆరో స్థానంలో ఉన్న చెల్సీ ఛాంపియన్స్ లీగ్ గెలిచి ఆ సీటు ఎగరేసుకుపోయింది. కష్టపడితే ఏమవుతుందో కళ్లారా చూశాక పదమూడేళ్లు ఆలోచించి, ఇంకో 13 మెట్లు కిందికి దిగారు. అంత దూరదృష్టి ఉన్న కోచ్ పోస్టెకోగ్లూని మాత్రం కప్పు వచ్చిన పక్షం రోజులకే పంపించేశారు. 17వ స్థానం బాగోలేదనుకున్నారేమో, అల్పబుద్ధులు.

ఈ సిద్ధాంతంలో ఒక్క లోపం ఉంది. క్రిస్టల్ ప్యాలెస్ కూడా 12వ స్థానంలో ఉంటూనే ఎఫ్‌ఏ కప్ గెలిచి యూరోపా లీగ్ సీటు సంపాదించింది. తీరా చూస్తే వాళ్ల యజమానుల్లో ఒకాయనకి అదే పోటీలో ఆడాల్సిన ఫ్రాన్స్ క్లబ్ లియాన్‌లోనూ వాటా ఉందని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుఈఎఫ్‌ఏ వాళ్లని ఇంకో మెట్టు కిందున్న కాన్ఫరెన్స్ లీగ్‌లోకి నెట్టింది, ఆ సీటు ఏడో స్థానం ఫారెస్ట్‌కి పోయింది. ఆగస్టులో లాసాన్‌లోని క్రీడా కోర్టు కూడా అదే ఖాయం చేసింది. అంటే మైదానంలో కప్పు గెలిస్తే చాలదు, కాగితాలు కూడా సర్దుకోవాలి.

విల్లాకి చివరికి దక్కింది కూడా యూరోపా లీగే. కాబట్టి విల్లా కోచ్ ఉనై ఎమెరీ గారికి నా విన్నపం: ఈసారి లీగ్ మీద అనవసరంగా మనసు పెట్టకండి, క్రిస్మస్ లోపు నెమ్మదిగా 17కి జారుకోండి. జారేటప్పుడు బ్రేకు మీద ఒక కాలు ఉంచండి, 18 అంటే కింది డివిజనే.