గ్రోత్ షేరు అసలు విలువ: ఒక్క శాతం తేడాకే తారుమారయ్యే లెక్క

గత ఆదివారం మా బావమరిది ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీ గ్రోత్ షేరు (లాభాలు వేగంగా పెరుగుతాయని ఆశించే షేరు) 1,200 రూపాయలకు దొరుకుతోందని, దాని అసలు విలువ 1,481 రూపాయలని తెలిసినవాళ్లు పంపిన ఎక్సెల్ షీటులో ఉందని, పాప చదువు కోసం వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి అందులో పెడదామనుకుంటున్నానని చెప్పాడు. ఆ 1,481 అనే అంకె గురించే ఈ పోస్టు రాస్తున్నాను. పైసలతో సహా లెక్కగట్టినట్టు కనిపించే ఇలాంటి అంకెలను నమ్మి కష్టార్జితాన్ని పెట్టేస్తున్నవాళ్లను చూస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంది.

ఆ షీటులో కూడికలు, గుణకారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. షేరుకు లాభం 20 రూపాయలు. అది పదేళ్లపాటు ఏటా 20 శాతం చొప్పున పెరుగుతుందని, ఆ తర్వాత ఎప్పటికీ 7 శాతం చొప్పున పెరుగుతూనే ఉంటుందని అనుకున్నారు. ముందు ముందు వచ్చే సొమ్మును నేటి విలువకు తగ్గించడానికి 11 శాతం డిస్కౌంట్ రేటు వాడారు. డిస్కౌంట్ రేటును 12గా, శాశ్వత వృద్ధిని 6గా మార్చమన్నాను. విలువ 1,002 రూపాయలకు దిగింది. 13, 5 వేయమన్నాను. 761 అయింది. "బావా, ఒక్కో శాతమే కదా మార్చాం!" అన్నాడు వాడు, స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండానే. ఈ మూడు జతల్లో ఏదీ తప్పని ఎవరూ రుజువు చేయలేరు. కంపెనీ అదే, పదేళ్ల వృద్ధి అంచనా అదే, విలువ మాత్రం 761 నుంచి 1,481 దాకా, అంటే దాదాపు రెట్టింపు.

కారణం టెర్మినల్ వాల్యూ. పదో ఏడాది తర్వాత వచ్చే సొమ్ము మొత్తాన్ని కలిపి ఒకే అంకెగా రాసేటప్పుడు, డిస్కౌంట్ రేటులోంచి శాశ్వత వృద్ధిని తీసివేసి, మిగిలినదానితో భాగిస్తాం. 11లోంచి 7 తీస్తే 4, 13లోంచి 5 తీస్తే 8. భాగించే సంఖ్యే రెట్టింపయినప్పుడు ఫలితం నిలకడగా ఎలా ఉంటుంది? పైగా ఆ 1,002 రూపాయల్లో 704 రూపాయలు పదేళ్ల తర్వాతి కాలానివే. అంటే మనం కొంటున్నదానిలో మూడింట రెండు వంతులకు పైగా, ఇవాళ ఆ కంపెనీలో పనిచేస్తున్నవాళ్లు కూడా చెప్పలేని కాలానికి చెందినది.

ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ షీటు లాభాన్నే చేతికొచ్చే నగదుగా లెక్కవేసింది. ఏ కంపెనీ కూడా ఊరికే పెరగదు; కొత్త ప్లాంటు కట్టాలి, రియాక్టర్లు కొనాలి, సరుకు నిల్వ పెట్టాలి, కొన్నవాళ్లకు అరువు ఇవ్వాలి. పెట్టిన పెట్టుబడి మీద 25 శాతం రాబడి తెచ్చే కంపెనీ ఏటా 20 శాతం పెరగాలంటే లాభంలో 80 శాతాన్ని తిరిగి వ్యాపారంలోనే పెట్టాలి. రూపాయి లాభంలో వాటాదారుకు మిగిలేది ఇరవై పైసలు. పదేళ్ల తర్వాత వృద్ధి నెమ్మదించి ఆ మిగులు పెరుగుతుందని అనుకుని మళ్లీ లెక్క వేస్తే, 1,002 కాస్తా 600 దగ్గరకు వచ్చింది, అందులోనూ పదింట తొమ్మిది వంతులు టెర్మినల్ వాల్యూయే. రాబడి రేటు 40 శాతం ఉన్న కంపెనీ అదే 20 శాతం వృద్ధిని సగం లాభంతోనే సాధిస్తుంది. వృద్ధి రేటు ఒకటే అయినా ఆ రెండు కంపెనీల విలువ ఒకటి కాదు. పీఈ (షేరు ధర, షేరుకు వచ్చే లాభానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) మాత్రమే చూసి ఇది చవక, అది ఖరీదు అని తేల్చేవాళ్లు ఈ తేడాను వదిలేస్తున్నారు.

ఇక అమెరికా పెట్టుబడి నిపుణుడు బెంజమిన్ గ్రాహమ్ సూత్రం పేరిట తిరుగుతున్న లెక్క సంగతి. వృద్ధి రేటును రెండింతలు చేసి 8.5కు కలిపి, ఆ మొత్తంతో ఈపీఎస్‌ను (షేరుకు వచ్చే లాభాన్ని) గుణించమని చెప్పి ఆపేస్తున్నారు. 20 శాతం వృద్ధికి అది 48.5 పీఈ ఇస్తుంది. బాండ్ల వడ్డీని బట్టి ఆ ఫలితాన్ని 4.4తో గుణించి, ప్రస్తుత బాండ్ రాబడితో భాగించాలన్న సవరణ ఆయన తర్వాత చేర్చారు. రాబడి 7 శాతమనుకుంటే 48.5 కాస్తా దాదాపు 30 అవుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఐబీఎం, జిరాక్స్ వంటి షేర్ల ధరల్లో మార్కెట్ ఎంత వృద్ధిని ఊహించుకుంటోందో తెలుసుకోవడానికి ఆయన ఈ సూత్రాన్ని వెనక నుంచి ముందుకు నడిపి చూపించారు. నా దృష్టిలో గ్రోత్ షేర్ల విషయంలో చిత్తశుద్ధి గల పద్ధతి అదొక్కటే. ధర మన ముందే ఉంది. ఆ ధర నిజం కావాలంటే ఏమేమి జరగాలో లెక్కగట్టాలి.

వృద్ధి బాగుంటే ఎంత ధరైనా ఫర్వాలేదనేవాళ్లు ఇంటర్నెట్ నెట్‌వర్క్ పరికరాలు చేసే అమెరికా కంపెనీ సిస్కోను ఒకసారి చూడాలి. 2000 మార్చిలో అది కొన్నాళ్లు ప్రపంచంలోకెల్లా అత్యంత విలువైన కంపెనీ; షేరు 80 డాలర్ల దాకా వెళ్లింది, పీఈ వంద దాటింది. ఇంటర్నెట్ విస్తరిస్తుందన్న అంచనా అక్షరాలా నిజమైంది. కంపెనీ మోసమూ చేయలేదు, మూతపడనూ లేదు. ఆనాడు సుమారు 19 బిలియన్ డాలర్లున్న వార్షిక ఆదాయం 2022 నాటికి 51 బిలియన్లు దాటింది. అయినా 2002లో షేరు 10 డాలర్ల లోపుకు పడిపోయింది, రెండు దశాబ్దాలకు పైగా పాత ధరను చూడలేకపోయింది. కంపెనీ పెరిగింది, కానీ ఆ 80 డాలర్ల ధర కోరినంతగా పెరగలేదు.

అందుకే బావమరిదితో షీటును ధర నుంచి వెనక్కి నడిపించాను. 12, 6 రేట్లతో, లాభమంతా నగదే అనుకున్నా సరే, 1,200 రూపాయల ధర నిలబడాలంటే పదేళ్లపాటు ఏటా 22.5 శాతం చొప్పున వృద్ధి ఉండాలి. అంటే లాభం 7.6 రెట్లు కావాలి. అప్పుడు వాడే అడగడం మొదలుపెట్టాడు: అంత సరుకు ఎవరు కొంటారు, ప్లాంట్లు ఎన్ని కావాలి, అప్పు చేయకుండా కట్టగలరా. కంపెనీ వార్షిక నివేదిక తెరిచి, నగదు ప్రవాహాల పేజీలో ప్లాంట్ల మీద పెట్టిన ఖర్చును ఏడాదివారీగా కాగితం మీద రాసుకున్నాడు. బకాయిల పట్టిక దాకా వచ్చేసరికి రాత్రి పదకొండయింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంకా బ్యాంకులోనే ఉంది.