సవరణ: ‘రొమాన్స్’ ఆల్బమ్ గురించి నేను రాసినదానిలో తప్పులు

ఐర్లాండ్ బ్యాండ్ ఫాంటైన్స్ డీసీ ఆల్బమ్ ‘రొమాన్స్’ మీద మొన్న రాసిన పోస్టులో, దాని నిర్మాత (అంటే రికార్డింగ్‌ను, సౌండ్‌ను తీర్చిదిద్దే వ్యక్తి) డాన్ కేరీ అని రాశాను. అది తప్పు. డాన్ కేరీ చేసినవి అంతకు ముందు మూడు ఆల్బమ్‌లు: ‘డాగ్రెల్’ (2019), ‘ఎ హీరోస్ డెత్’ (2020), ‘స్కింటీ ఫియా’ (2022). 2024 ఆగస్టులో వచ్చిన ‘రొమాన్స్’కు నిర్మాత జేమ్స్ ఫోర్డ్. పాత ఆల్బమ్‌ల అలవాటులో చూసుకోకుండా రాసేశాను. ఈ ఆల్బమ్‌లో సౌండ్ ఇంత విశాలంగా మారడానికి కారణం ఏమిటని చర్చించిన పోస్టులోనే ఆ పేరు తప్పు రాయడం నాకు చాలా బాధగా ఉంది.

రెండోది ఇంకా ముఖ్యం. ‘స్టార్‌బర్స్టర్’ పాట కోరస్‌లో గాయకుడు గ్రియన్ చాటెన్ గట్టిగా ఊపిరి లోపలికి లాగే శబ్దాన్ని ‘స్టూడియో చమత్కారం’ అన్నాను. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో ఆయనకు వచ్చిన పానిక్ అటాక్ (హఠాత్తుగా ఊపిరాడనంత భయం కమ్మేయడం) నుంచి పుట్టిన పాట అది. ఈ సంగతి తెలిశాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను. మాటలు గుక్క తిప్పుకోకుండా దూసుకొస్తాయి, ఒక్కసారిగా ఆగుతాయి, అప్పుడు ఆ ఊపిరి. గొంతు పట్టేసినవాడికి గాలి అందినట్టు ఉంటుంది. దాన్ని చమత్కారం అనడం అన్యాయం, ఆ మాట తీసేశాను.

ఆల్బమ్ మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. వాళ్లు చేసినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. చివరి పాట ‘ఫేవరెట్’ ఇప్పటికీ రోజూ వింటున్నాను.