గట్టు మీద కరెంటు తీగ

తెల్లవారుజామున నాలుగింటికి మడికి నీళ్లు మళ్లించడానికి బయల్దేరిన రైతు ఒక చేత్తో పార, ఇంకో చేత్తో టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడుస్తుంటాడు. కాలి కింద పాము ఉందేమోనని చూసుకుంటాడు. మంచుకు తడిసిన గడ్డిలో, మోకాలికి కాస్త కిందుగా, సన్నని జీఐ తీగ ఒకటి అడ్డంగా ఉందని మాత్రం అతనికి తెలియదు. ఆ తీగ పక్క చేను రైతుది. అడవి పందుల కోసం రాత్రి కట్టి, పొద్దెక్కకముందే చుట్టేద్దామనుకున్నాడు. గూటాలకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, వాటి మీదుగా తీగ లాగి, చివర స్టార్టర్ డబ్బాలోని ఒక ఫేజుకు తగిలించాడు. తెల్లారేసరికి పంది పడలేదు, మనిషి పడ్డాడు.

ఇలాంటి వార్తలు మేము ప్రతి పంటకాలంలోనూ జిల్లా పేజీల్లో వేస్తున్నాం. ఊరు పేరు మారుతుంది, మండలం మారుతుంది, మిగతాదంతా అదే. చనిపోయింది పక్క చేను రైతో, గడ్డికి వెళ్లిన ఆడమనిషో, మేకలు తోలుకెళ్లిన పిల్లవాడో అయి ఉంటుంది. తాను కట్టిన తీగకే తాను బలైన రైతులూ ఉన్నారు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు పోయిన ఇళ్లూ ఉన్నాయి.

కోస్తాలో గట్టు అన్నా, తెలంగాణలో ఒడ్డు అన్నా, ఒరం అన్నా, సీమలో గెనిమ అన్నా అది ఏ ఒక్కరిదీ కాదు. ఇవతలి రైతు పార సగం చెక్కితే అవతలి రైతు పార మిగతా సగం చెక్కుతుంది. మధ్యాహ్నం అన్నం క్యారేజీ దాని మీదుగానే వస్తుంది. కూలీలు దాని మీదుగానే దిగుతారు. జానెడు గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న ఊళ్లున్నాయి, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలున్నాయి. అలాంటి చోట అదే గట్టు మీద పక్కవాడు కరెంటు తీగ కడితే మాత్రం "ఇదేంటన్నా" అని అడగడానికి మొహమాటం అడ్డొస్తోంది. రేపు మన చేలోనూ పందులు పడితే మనమూ అదే చేయాల్సి వస్తుందేమో అన్న ఆలోచన నోరు కట్టేస్తోంది. ఇన్ని చావులకు మూలం తీగ ఒక్కటే కాదని, దాన్ని చూసి ఊరుకోవడం కూడా అని మేము గట్టిగా నమ్ముతున్నాం.

రైతు బాధ మాకు తెలియంది కాదు. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో పందుల మంద ఒక్క రాత్రి చేలో దిగితే ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. అవి తినేది తక్కువ, విరిచి తొక్కేది ఎక్కువ. వేరుశనగ చేనైతే దున్నినట్టు తిరగేసి పోతాయి. మూడు నెలల పెట్టుబడి, మిత్తికి తెచ్చిన డబ్బు, ఇంటిల్లిపాది కష్టం తెల్లారేసరికి నేలపాలు. మంచె మీద కాపలా పడుకుని, డబ్బాలు మోగించి, టపాకాయలు కాల్చి, పాత చీరలు చుట్టూ కట్టి, అన్నీ చేసి విసిగిపోయిన మనిషే చివరికి తీగ దాకా వస్తాడు. కౌలు రైతు పరిస్థితి ఇంకా దారుణం. నష్టపరిహారం కాగితం పట్టా ఎవరి పేరున ఉందో వాళ్ల పేరు అడుగుతుంది. విత్తనం వేసినవాడికి చేతికొచ్చేది శూన్యం.

ఇదంతా ఒప్పుకుంటూనే చెబుతున్నాం, తీగకు ఏ మినహాయింపూ లేదు. "రాత్రి కరెంటు పెడుతున్నా, ఎవరూ రావద్దని చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పాను" అనే మాట చాలా కేసుల్లో వినిపిస్తుంది. చెప్పినంత మాత్రాన చాలదు. పక్క ఊరి నుంచి వచ్చే కూలీకి ఎవరు చెప్పారు? మోటారు ఆగిపోయిందని అర్ధరాత్రి హడావుడిగా పరుగెత్తే మనిషికి ఆ క్షణంలో అది గుర్తుంటుందా? తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ వచ్చే అవ్వకు ఏ చేనులో తీగ ఉందో ఎలా తెలుస్తుంది?

చాలామందిలో ఒక అపోహ కూడా ఉంది. మనిషి తగిలితే ఫ్యూజు ఎగిరిపోతుందిలే అనుకుంటారు. ఎగరదు. మోటారు ఫ్యూజు పోవాలంటే పది పదిహేను ఆంపియర్లకు పైగా కరెంటు ప్రవహించాలి. మనిషి గుండె ఆగడానికి అందులో నూరో వంతు, అంటే ఒక ఆంపియర్‌లో పదో వంతు చాలు. తడి కాళ్లతో, తడి నేల మీద నిలబడి 230 వోల్టుల తీగను తాకితే ఒంట్లోంచి పోయేది దాదాపు అంతకు రెట్టింపు. ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. పైగా ఇంటి కరెంటు కండరాలను బిగించేస్తుంది. పట్టుకున్న చెయ్యి వదలదు. మనిషి పోయాక కూడా తీగలో కరెంటు అలాగే ఉంటుంది, లాగబోయిన కొడుకును కూడా పట్టుకుంటుంది.

సోలార్ ఫెన్సింగ్ అలా కాదు. దానిలోని ఎనర్జైజర్ అనే పరికరం వేల వోల్టులు పంపినా సెకనుకు ఒక్కసారి, సెకనులో వందో వంతు కూడా లేని ఒక్క దెబ్బగా పంపుతుంది. మనిషైనా, పందైనా ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, ప్రాణం పోదు. కాకపోతే సోలార్ పెట్టిన రైతుల్లోనూ కొందరు బ్యాటరీ దిగిపోయినప్పుడు అదే తీగకు డైరెక్టుగా మోటారు కరెంటు కలుపుతున్నారు. పైకి చూస్తే సోలార్ కంచె, లోపల యమపాశం. బోర్డు చూసి ధైర్యంగా ముట్టుకున్నవాడి గతేంటో ఆలోచించాలి. ఈ ఒక్క తప్పు చేయవద్దని ఎనర్జైజర్ అమ్మే దుకాణదారుడు కూడా రైతుకు నోరు తెరిచి చెప్పాలి.

తీగ కట్టేది రైతు ఒక్కడే కాదన్నదీ చెప్పుకోవాలి. అడవి అంచు ఊళ్లలో పంది మాంసం కోసం, దుప్పి మాంసం కోసం వేటగాళ్లు పదకొండు కేవీ (పదకొండు వేల వోల్టుల) లైనుకే కొండి తగిలించి కిలోమీటరు పొడవున తీగ లాగుతున్నారు. అది ఎవరి పొలం మీదుగా పోతోందో ఆ రైతుకే తెలియదు. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం మండలం అడవుల్లో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో ఒకరు ఇలాంటి తీగ తగిలే ప్రాణం వదిలారు. తుపాకీ పట్టుకుని, అడవిలో నడవడం నేర్చిన మనిషికే ఆ తీగ కనబడలేదు. 2025 మేలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అడవిలో ఒక ఆడపులి కరెంటు తీగకు బలైంది. మహారాష్ట్ర నుంచి మన అడవులకు నడిచొస్తున్న పులులను చూసి మురిసిపోతున్నాం. వాటికి మనం సిద్ధం చేసి ఉంచింది ఈ ఉచ్చులా?

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2025 జూన్‌లో కేరళలోని నీలంబూరు దగ్గర వళిక్కడవులో చేపలు పట్టడానికి స్నేహితులతో వెళ్లిన పదిహేనేళ్ల కుర్రాడు పందుల కోసం దొంగతనంగా పెట్టిన కరెంటు తీగకు చనిపోయాడు. కేరళ అంతా అట్టుడికింది, అప్పుడు జరుగుతున్న నీలంబూరు ఉప ఎన్నికలో అదే చర్చ అయింది. మన దగ్గర అలాంటి చావు లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త అయి మరుసటి రోజుకు పాతబడుతోంది. అందులో మా తప్పు కూడా ఉంది.

చట్టం ఏమంటుందో రైతులకు సూటిగా చెప్పేవాళ్లు తక్కువ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చు పెట్టడం, వల వేయడం, ఎర వేయడం, చివరికి ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. పంది పడకపోయినా నేరమే. 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టం రక్షించే జంతువుల జాబితాల్లో రెండోదైన రెండో షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అదే తీగకు మొదటి షెడ్యూలులోని పులో, ఏనుగో పడితే శిక్ష మూడేళ్లతో మొదలై ఏడేళ్ల దాకా పోతుంది. స్తంభం మీంచి కొండి వేసినందుకు విద్యుత్ చట్టం కింద చౌర్యం కేసు వేరు. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం వల్ల మరణానికి అయిదేళ్ల దాకా, తీగ పెడితే చావు రావచ్చని తెలిసే పెట్టాడని తేలితే 105 కింద అంతకంటే చాలా ఎక్కువ. దీనికి ముందున్న ఐపీసీలో నిర్లక్ష్యానికి రెండేళ్లే ఉండేది. ఈ తేడా ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

కాబట్టే రాత్రికి రాత్రి పెద్దమనుషుల పంచాయితీలు పుట్టుకొస్తున్నాయి. ఇంత డబ్బు ఇస్తాం, కేసు వద్దు, బోరు దగ్గర షాక్ కొట్టిందని చెబుదాం అంటారు. శవాన్ని అక్కడి నుంచి తీసి మోటారు దగ్గర పడుకోబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. రెండు కుటుంబాలూ ఒకే ఊళ్లో బతకాలి కదా అన్నది వాళ్ల వాదన. కానీ ఆ సర్దుబాటు వల్ల వచ్చే పంటకు ఇంకో గట్టు మీద ఇంకో తీగ మొలుస్తోంది. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలి సంతకం కోసం మూడో రోజే పెద్దలు గుమ్మంలో నిలబడటం మనసున్నవాళ్లెవరూ సమర్థించలేరు.

పందులను చంపడానికి చట్టబద్ధమైన దారి అసలే లేదన్నది కూడా నిజం కాదు. పంటకు, ప్రాణానికి ముప్పు ఉందని తేలితే వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ అనుమతి ఇవ్వవచ్చు. కేరళ 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ స్థాయికి దించింది. పందులను చంపడానికి కరెంటు, విషం, పేలుడు పదార్థాలు వాడకూడదని షరతు పెట్టింది. ఆ షరతు మనకు పాఠం. మన దగ్గర ఉల్లిగడ్డ బాంబులు, నాటు తుపాకులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎరలో పెట్టిన బాంబును కొరికి దవడ పగిలిన ఆవులను చూసిన పశువైద్యులను అడిగితే చెబుతారు.

అనుమతితో కాల్చేటప్పుడు కూడా గట్టు మర్యాద ఒకటుంది. రైఫిల్ గుండు గురి తప్పితే చేను దాటి ఆగదు, కిలోమీటరుకు పైగా పోతుంది. అందుకే కాల్చేవాడు గట్టు అవతలి వైపుకు గురి పెట్టకూడదు. వెనక మట్టి కట్టో, దిబ్బో ఉన్న చోటే కాల్చాలి. కదిలిన పొదను చూసి పేల్చకూడదు, పూర్తిగా కనబడిన జంతువునే కాల్చాలి. చుట్టూ ఉన్న ప్రతి చేను రైతుకూ ముందురోజే ఇంటికి వెళ్లి చెప్పాలి, రాత్రి అక్కడ ఎవరు కాపలా పడుకుంటున్నారో కనుక్కోవాలి. దెబ్బ తిన్న పంది పక్క చేలోకి పారిపోతే చీకట్లో వెంటపడి దూరిపోకూడదు. గాయపడిన పంది మనిషి మీదికే వస్తుంది, ఆ చేను ఇంకొకరిది కూడా. ఆ రైతును లేపి, అడిగి, అధికారితో కలిసి వెళ్లాలి. ఇవేవీ కొత్త సంగతులు కావు, పూర్వం ఊరి వేటగాళ్లే ఇవన్నీ పాటించేవాళ్లని పెద్దవాళ్లు చెబుతారు.

ప్రాణం తీయని ఉపాయాలూ ఉన్నాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వరుసలు వేయమని ఎప్పటినుంచో చెబుతున్నారు. ఒక్క చేనులో వేస్తే పంది పక్క చేలోకి పోతుంది, ఆ రైతుకు కోపం వస్తుంది. నాలుగైదు చేల రైతులు కలిసి వేసుకుంటేనే పని చేస్తుంది. సోలార్ కంచె సంగతీ అంతే. ఎకరానికొకటి కాకుండా ఒక బ్లాకుగా పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, గట్టు మీద తీగ అవసరమూ ఉండదు. రాష్ట్ర ప్రభుత్వాలు సబ్సిడీని వ్యక్తికి కాకుండా ఇలాంటి రైతు గుంపులకు ఇవ్వాలని మేము కోరుతున్నాం.

అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని ఫసల్ బీమాలో చేరుస్తామని, 2026 ఖరీఫ్ నుంచి అమలు చేస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫొటోలతో యాప్‌లో నమోదు చేయాలి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్న జాబితా ఇవ్వాల్సింది రాష్ట్రాలే. ఆ జాబితాలో అడవి పంది మొదటి పేరుగా ఉండాలి. స్మార్ట్‌ఫోను లేని రైతు తరఫున ఆ ఫొటోలు తీసి పంపే బాధ్యతను ఊళ్లోని వ్యవసాయ సిబ్బందికే అప్పగించాలి. పట్టా పేరు కాకుండా సాగు చేస్తున్నవాడి పేరు రాయాలి. పరిహారం పంట చేతికొచ్చే లోపు అందుతుందని నమ్మకం కుదిరితే, గూటాలు చెక్కుకుని కూర్చునేవాళ్లు సగానికి సగం తగ్గుతారు.

విద్యుత్ సిబ్బంది పని కూడా ఉంది. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎవరు కొండి వేస్తున్నారో లైన్‌మన్‌కు తెలియని ఊరు అరుదు. చెబితే ఊళ్లో పగ, చెప్పకపోతే ప్రాణం పోతుంది. ఆ టెన్షన్ అతని ఒక్కడి మీద వదిలేయకుండా అటవీ, విద్యుత్, పోలీసు సిబ్బంది కలిసి రాత్రి పూట తనిఖీకి రావాలి. ఏడాది పొడుగునా అక్కర్లేదు. మొక్కజొన్న పీచు వేసినప్పటి నుంచి కంకి ముదిరే దాకా ఉన్న ఆ రోజులు, వేరుశనగ ఊడలు దిగినప్పటి నుంచి పీకే దాకా ఉన్న రోజులు తిరిగితే చాలు. ఏ మండలంలో ఏ పంట ఎప్పుడు ఆ దశకు వస్తుందో వ్యవసాయ శాఖ దగ్గర లెక్కలు ఉన్నాయి.

ఈలోగా గట్టు అవతల తీగ కనబడిన రైతు పగటిపూటే వెళ్లి అడగాలి. "మా పిల్లలు ఈ దారిన తిరుగుతారు, తీసేయి తమ్ముడూ" అని ఒక్క మాట చెప్పాలి. వినకపోతే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. ఆ ఫోన్ వల్ల పక్కవాడితో కొన్నాళ్లు మాటలు ఉండకపోవచ్చు. మాట్లాడుకోవడానికి ఇద్దరూ మిగిలి ఉంటారు.