నిలువంటే ఎంత నిలువు?

యంత్రాలను ఇంజనీర్లు కనిపెడతారని లోకంలో ఒక అపోహ ఉంది. వాళ్లు ఇనుము వంచుతారు, అంతే. పేటెంటు తగాదా వస్తే, వంచింది ఏమిటో తేల్చేది అప్పీలు కోర్టు. అందుకు స్పానరు అక్కర్లేదు, వ్యాకరణం చాలు.

బ్రిటన్‌లో క్యాట్నిక్ కంపెనీ తలుపుల మీద, కిటికీల మీద గోడ బరువు మోసే ఉక్కు లింటెల్‌కు పేటెంటు తీసుకుంది. వెనక పలక ‘నిలువుగా’ ఉంటుందని క్లెయిములో, అంటే తన హక్కు ఎంతవరకో గీత గీసే వాక్యంలో, రాసుకుంది. పోటీ కంపెనీ ఆ పలకను ఒక రకంలో 6 డిగ్రీలు, ఇంకో రకంలో 8 డిగ్రీలు వాల్చింది. గోడకు ఆ తేడా తెలియలేదు. వకీళ్లకు వెంటనే తెలిసింది. ఏ మేస్త్రీనడిగినా ‘నిలువేనండీ’ అని పైకెత్తి పెట్టేసేవాడు. కానీ మేస్త్రీలకు లార్డ్ బిరుదులివ్వరు. అప్పీలు కోర్టులో మెజారిటీ జడ్జీలు ప్రతిపదార్థం చెప్పి ఉల్లంఘన లేదన్నారు. 1980లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని తిరగేసింది. కాస్త ఒరిగిన పలకను పేటెంటుదారు తన క్లెయిములోంచి కావాలనే వదిలేశాడని ఆ పని తెలిసినవాడెవడైనా అనుకుంటాడా అని అక్కడి జడ్జి లార్డ్ డిప్లాక్ తాత్పర్యం అడిగారు. బడిలో ఈ రెంటికీ వేర్వేరు మార్కులెందుకో నాకిన్నాళ్లకు తెలిసింది.

క్లెయిము వాక్యం స్వభావమే అంత. పేటెంటు ఆఫీసులో ‘నాది జానెడు జాగా, పాతవాళ్ల జోలికి రాను’ అంటూ ఒదిగి కూర్చుంటుంది. దావా పడిన రోజున ఊరంతా తనదే. దీన్ని మైనపు ముక్కులా ఎటుపడితే అటు తిప్పకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1886లోనే మందలించింది. ముక్కు ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ దేశంలోనే 2005లో ఫిలిప్స్ అనే ఆయన కేసు. జైళ్లకు పనికొచ్చే గోడ పలకలకు ఆయన పేటెంటు, వాటిలో ఉక్కు అడ్డురేకులు. తూటాను పక్కకు మళ్లించాలంటే రేకు ఏటవాలుగా ఉండాలి కనుక, 90 డిగ్రీల్లో నిలబడ్డది అసలు రేకే కాదని ప్రతివాది వాదన. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. పనిలో పనిగా, ముందు పేటెంటు వివరణ చదవండి, నిఘంటువు తర్వాత అంది. అంతవరకూ నిఘంటువే ఇంజనీరింగ్ గ్రంథం కాబోలు.

అన్నిటికన్నా నాకు ముచ్చటైనది ఎపిలేడీ. వెంట్రుకలు పీకే యంత్రం. క్లెయిములో ‘స్ప్రింగు’ అని ఉంది. పోటీ కంపెనీ రెమింగ్టన్ దాని బదులు గాట్లు పెట్టిన రబ్బరు కడ్డీ వాడింది. అదే యూరోపియన్ పేటెంటు మీద ఇంగ్లండు కోర్టు రబ్బరు స్ప్రింగు కాదంది, జర్మనీ కోర్టు ఉల్లంఘనే అంది. కాలికి మాత్రం రెండు దేశాల్లోనూ ఒకటే మంట.