ప్రాసెసర్ నంబరు గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ నంబరు గారికి,

బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీజీ మూడో అంతస్తు, త్రీ షేరింగ్ గది, కిటికీ పక్క మంచం మీద నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం, అక్కడ స్టిక్కరు మీద తమరూ క్షేమమని తలుస్తాను. స్టిక్కరు మీద తమరు పూర్తిగా ఉండరనుకోండి. ఇంటెల్ కంపెనీదైతే ‘ఐ5’ అనో, ఏఎండీ కంపెనీదైతే ‘రైజెన్ 5’ అనో ఇంటిపేరు వరకే పెద్దక్షరాల్లో మెరుస్తుంది, అసలు పేరు అట్టపెట్టె పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, అది చదవాలంటే ఫోన్‌లో ఫొటో తీసి సాగదీసి చూడాలి.

నేను కోరిందేమైనా గొంతెమ్మ కోరికా? ఆఫీసు నుంచి వచ్చి, మెస్‌లో అన్నం తిని, ఓ గంట జీటీఏ 5 గేమ్‌లో కారు తోలుకోవాలి, ఆదివారం స్కూల్ ఫ్రెండ్స్‌తో వాలరెంట్ ఆడాలి. చేతిలో 55 వేలు. ఇంతే. దీనికి మూడు వారాలు పట్టింది. టెస్టింగ్‌లో పనిచేసే మా రూమ్మేట్ ఎక్సెల్ షీట్ వేసి మరీ కూర్చున్నాడు, వాడు అప్రైజల్‌కి కూడా అంత శ్రద్ధగా ఏమీ నింపలేదు. ఒకదానిలో సెకనుకి 72 ఫ్రేములు, అంటే 72 బొమ్మలు, ఇంకోదానిలో 78 వస్తాయని రాత్రి ఒంటిగంట దాకా వాదించుకున్నాం. తీరా చూస్తే మేం చూస్తున్న రెండు ల్యాప్‌టాప్‌లకీ 60 హెర్ట్జ్ తెరలే. సెకనుకి 60కి మించి చూపించలేని తెర మీద ఆ ఆరు ఫ్రేముల కోసం ఇద్దరం రెండ్రోజులు మాట్లాడుకోలేదు.

తమరి సంగతికి వద్దాం. రైజెన్ 5 ఇంట్లో 7520యు, 7530యు. చూడ్డానికి తేడా పదే కదా, మెస్‌లో ఆమ్లెట్ వేయించుకున్నామా లేదా అన్నంత. విప్పి చూస్తే లెక్కలు చేసే కోర్లు మొదటిదానికి నాలుగు, రెండోదానికి ఆరు. బొమ్మ గీసే గ్రాఫిక్స్ యూనిట్లు మొదటిదాంట్లో రెండు, రెండోదాంట్లో ఏడు! ఏఎండీ వాళ్ళ పద్ధతి ప్రకారం ముందున్న 7 అంటే 2023 బాపతు అని మాత్రమే అర్థం, లోపలి డిజైన్ ఏ కాలం నాటిదో చెప్పేది మూడో అంకె. అక్కడ 2 ఉంటే 2019లో మొదలైన జెన్ 2 అనే డిజైన్, 3 ఉంటే దాని తర్వాతది, 4 ఉంటే జెన్ 4. పెళ్ళిచూపుల్లో అబ్బాయి వయసెంతండీ అని అడిగితే ఉద్యోగంలో చేరిన సంవత్సరం చెప్పినట్టుంది. అబద్ధం కాదు, కానీ అడిగింది అది కాదు. ఆ ఏర్పాటు గురించి వాళ్ళేమీ దాచలేదు, 2022లోనే బహిరంగంగా వివరించారు. కొనేవాడు మూడో అంకె మీద వేలు పెట్టుకుని దుకాణాలు తిరగాలని మాత్రం ఎవరూ మైకులో చెప్పలేదు.

అంకెలు అర్థమయ్యాయనుకుని, బెంగళూరులో కంప్యూటర్ దుకాణాలుండే ఎస్పీ రోడ్‌కి వెళితే నంబరు చివరి అక్షరాలు ఎదురొచ్చాయి. షాపు అబ్బాయి నన్ను చూడగానే, “గేమింగ్ అంటే హెచ్చే గురూ, యు అంటే టైపింగ్‌కి” అని తేల్చేశాడు. ఐ5-12450హెచ్ ఒక చేతిలో, ఐ5-1235యు ఇంకో చేతిలో. అంకె చూసినా, అక్షరం చూసినా హెచ్చే గొప్పగా ఉంది. నిజానికి ప్రాసెసర్ వరకూ అది గట్టిదే, పెద్ద కోర్లు దానికి నాలుగు, యుకి రెండు. కానీ విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా, లోపలున్నదాంతోనే ఆడుకుంటానంటే కథ తిరగబడుతుంది. ఇంటెల్ వాళ్ళ లెక్కలో గ్రాఫిక్స్ యూనిట్లు ఆ హెచ్‌లో 48, టైపింగ్‌కని తీసి పారేసిన యులో 80. పక్కన వేరే గ్రాఫిక్స్ కార్డు ఉంటుందన్న ధీమాతో తయారైన ప్రాసెసర్ అది. నా చేతికిచ్చిన ల్యాప్‌టాప్‌లో ఆ కార్డు లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మా అమ్మమ్మ దేన్ని చూసి అనేదో కానీ, తమరిని చూసి కూడా అనేదే.

ఇక తమరు, గారు అనడం నా వల్ల కాదు. నువ్వు అనే పిలుస్తాను. నీ నంబరు ఒకటే అయినా నువ్వు ఒక్కో ఒంట్లో ఒక్కోలా ఉంటావెందుకు? 1235యు అంటే మామూలుగా 15 వాట్లు, ఊపొస్తే 55 దాకా. ఆ ఊపు ఎంతసేపు ఉండాలో నిర్ణయించేది ల్యాప్‌టాప్ తయారుచేసినవాడు, ఆపైన దాని ఫ్యాన్. ఆ పైన, పీజీలో బల్ల ఉండదు కాబట్టి, నా దుప్పటి. కింద గాలి జాలీ దుప్పట్లో కూరుకుపోయాక నీ పేరు చివర యు ఉంటే ఏంటి, హెచ్ ఉంటే ఏంటి? అందరూ చెమటలు కక్కుకుంటూ నెమ్మదించేవాళ్ళే. ఇప్పుడు ఆఫీసులో ఇచ్చిన స్టీలు టిఫిన్ డబ్బా మూత కింద పెట్టి ఆడుతున్నాను.

చివరికి యునే కొన్నాను. మొదటిరోజు టాస్క్ మేనేజర్ తెరిస్తే గ్రాఫిక్స్ పేరు ‘ఐరిస్ ఎక్స్ఈ’ అని ఉండాల్సిన చోట ‘యూహెచ్‌డీ’ అని ఉంది. గుండె జారిపోయింది, డబ్బాలో వేరేది పెట్టి అంటగట్టారనుకున్నాను. కాదట. ర్యామ్ రెండు దారుల్లో నడిస్తేనే దానికి ఆ పేరు, నా దాంట్లో ఉన్నది 8 జీబీ పలక ఒక్కటే. ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, రూమ్మేట్ నా షాంపూ వాడినట్టు ర్యామ్‌లోదే వాడుకుంటుంది, అదీ ఒక్క లేన్‌లో వెళ్ళాలంటే, బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరున్నర ట్రాఫిక్కే. మళ్ళీ ఎస్పీ రోడ్. ఈసారి వేరే కుర్రాడు, మదనపల్లె వైపు తెలుగు. “ఇంకో ఎనిమిది ఏసేద్దాం అన్నా” అని పది స్క్రూలు విప్పి, గడువైపోయిన ఏటీఎం కార్డు అంచు దూర్చి, వెనక మూత చుట్టూ టక్ టక్ మని లేపాడు. ఆ చప్పుడు ఒక్కోటీ నా ఈఎంఐ విరుగుతున్నట్టే వినబడింది. పలకని ఏటవాలుగా గుచ్చి బొటనవేలితో నొక్కాడు. ఆన్ చేస్తే పేరు మారింది. ఐరిస్ ఎక్స్ఈ. అదే నంబరు, అదే స్టిక్కరు. కారు ఇప్పుడు కుదుపు లేకుండా మలుపు తిరుగుతోంది.

మూడు వారాల ఎక్సెల్ షీట్‌లో ర్యామ్ ఎన్ని పలకలు అన్న గడి లేదు. రూమ్మేట్‌ని అడిగితే “రిక్వైర్‌మెంట్‌లో లేదు మామా” అన్నాడు.

ఇట్లు,
కిటికీ పక్క మంచం

తా.క. మా బాబాయి కొడుక్కి బీటెక్ సీటు వచ్చింది. “అన్నా, చదువుకే, కొంచెం గేమ్స్ కూడా” అంటూ రెండు పేర్లు పంపాడు. 2023లో ఇంటెల్ వాళ్ళు ఆ ‘ఐ’ని పక్కన పెట్టి కొత్త పేర్లు మొదలుపెట్టారుగా, వీడు పంపినవి ఆ బాపతే. ఒకటి కోర్ 5 120యు, ఇంకోటి కోర్ అల్ట్రా 5 125యు. ఈసారి తేడా అయిదే.